యుద్ధకాలపు విమాన పటాలు: వస్తువు, రూపం, వెల

పాతబడిన పనిముట్టుకు అంగడి కొత్తపేరు పెడుతుంది. ఎద్దుబండి చక్రం హోటలు గోడకు అలంకారమవుతుంది. తిరగలిరాయి తోటలో పీట అవుతుంది. అదే తీరున, రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో బ్రిటిష్, అమెరికన్ ప్రభుత్వాలు సైనికులకోసమూ సామాన్య ప్రజలకోసమూ అచ్చువేసిన విమాన గుర్తింపు పోస్టర్లు ఈనాడు వేలంపాటలకు వస్తున్నాయి. అద్దాల చట్రాలలో బిగిసి డబ్బున్నవాళ్ళ ఇళ్ళ గోడలకు వేలాడుతున్నాయి. వీటిని సేకరించేవాళ్ళు వీటిలోని నలుపు తెలుపుల పొందికనూ, గీతలోని పొదుపునూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు అబద్ధమని నేననను. కాని అది సగం నిజం. రెండో సగం ఏమిటో, అది చట్రంలోకి ఎందుకు రాలేదో విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ పటాలు ఎట్లా వుంటాయో చెప్పాలి. తెల్లకాగితం. దానిమీద నల్లసిరాతో నిండుగా పూసిన విమానపు ఆకారం. సాధారణంగా ఒకే విమానాన్ని మూడు విధాల చూపిస్తారు: ఎదురుగా వస్తున్నట్టు, పక్కగా పోతున్నట్టు, నడినెత్తిన వున్నట్టు. కింద దాని పేరు, రెక్కల పొడవు, ఇంజన్ల సంఖ్య. ఆకాశం వుండదు, మేఘం వుండదు, నేల వుండదు. విమానం నడిపే మనిషి కనపడడు. కింద నిలబడి తల యెత్తి చూసే మనిషి అసలే కనపడడు. కంటికి అడ్డువచ్చే ప్రతిదాన్నీ తీసేసి, గుర్తుపట్టటానికి అవసరమైన అంచును మాత్రమే మిగిల్చిన బొమ్మ యిది.

ఈ పటాలను గురించి మిత్రుల మధ్య రెండు వాదాలు విన్నాను. ఇవి శుద్ధమైన రూపం, యుద్ధం పోయినా నిలిచివుండే రూపం, కనక కళ అని ఒకరి వాదం. ఇవి ప్రభుత్వ నోటీసులు, రైల్వే టైంటేబులు కళ కానట్టే ఇవీ కళ కావు అని రెండోవారి వాదం. పైకి యివి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ వున్న పొరపాటు ఒకటే. రెండూ వస్తువునుంచి రూపాన్ని విడదీస్తున్నాయి. మొదటివారు రూపాన్ని ఉంచుకుని వస్తువును పారేశారు; రెండోవారు వస్తువును చూసి రూపాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ నల్లని అంచు అంత స్పష్టంగా ఎందుకు వుందని అడిగితే తప్ప ఈ చిక్కు విడదు. దానికి చరిత్రలోకి వెళ్ళాలి.

1915 జనవరి 19 రాత్రి జర్మన్ జెప్పెలిన్లు ఇంగ్లండు తూర్పుతీరంలో గ్రేట్ యార్మత్, కింగ్స్ లిన్ పట్టణాలమీద బాంబులు వేశాయి. నలుగురు మరణించారు. మే 31 రాత్రి లండను వంతు వచ్చింది. సముద్రం మధ్యలో వుంది కనక యుద్ధం తమ ఇంటిదాకా రాదని తరతరాలుగా నమ్మిన జాతికి అది పెద్ద దెబ్బ. ఆ సంవత్సరమే బ్రిటిష్ ప్రభుత్వం "ప్రజలకు హెచ్చరిక" అన్న శీర్షికతో ఒక పోస్టరు వెలువరించింది. బ్రిటిష్ గాలిఓడలనూ విమానాలనూ ఒక భాగంలో, జర్మన్ వాటిని మరొక భాగంలో నీడబొమ్మలుగా అచ్చువేశారు. శత్రువిమానం కనపడితే దగ్గర వున్న ఇంట్లోకి పోయి దాగమనీ, గుంపులుగా నిలబడవద్దనీ, పేలని బాంబును ముట్టుకోవద్దనీ అందులో చెప్పారు. పల్లెలలో అయితే ఏ వేళకు కనపడిందో, ఏ దిక్కుగా పోయిందో, గాలిఓడో విమానమో పోలీసులకు గాని సైనికాధికారులకు గాని టెలిఫోను చెయ్యమన్నారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. జెప్పెలిన్లు ఎక్కువగా రాత్రిపూట, అందులోనూ చీకటి రాత్రుల్లో వచ్చేవి. పోస్టరు మీది బొమ్మలు పగటి వెలుతురులోని ఆకారాలు. చీకటిలో మోత వినిపిస్తుంది గాని అంచు కనిపించదు. మరి పోస్టరు చేసిన పని ఏమిటి? అది భయానికి ఒక క్రమం కల్పించింది. ఏమి చెయ్యాలో తోచని మనిషికి చెయ్యవలసిన పని ఒకటి చూపించింది. దానితోపాటు పౌరుణ్ణి ప్రభుత్వానికి కన్నుగా మార్చింది. పన్ను కట్టటం, సైన్యంలో చేరటం వంటి విధుల పక్కన తల యెత్తి చూడటమనే కొత్త విధి వచ్చి చేరింది. యుద్ధం వృత్తి సైనికుల చేతినుంచి జనం మొత్తంమీదికి వ్యాపించిన కాలానికి ఈ పోస్టరు ఒక దస్తావేజు.

నీడబొమ్మకు ఐరోపా భాషల్లో వున్న "సిలువెట్" అన్న పేరు వెనక కూడా ఒక కథ వుంది. 1759లో ఎతియెన్ ద సిలువెట్ అనే ఆయన కొద్ది నెలలు ఫ్రాన్సు ఆర్థికమంత్రిగా వున్నాడు. ఆయన పొదుపు చర్యలను ఎగతాళి చేస్తూ చవక వస్తువులకు జనం ఆయన పేరు పెట్టారంటారు. రంగుల రూపచిత్రానికి డబ్బు పెట్టలేనివాళ్ళు నల్లకాగితం కత్తిరించి చేయించుకునే బొమ్మకు ఆ పేరు స్థిరపడింది. అంటే పుట్టుకలోనే యిది పేదవాడి బొమ్మ, పొదుపు బొమ్మ. మన తోలుబొమ్మ నీడకు రంగులుంటాయి. పలచగా గీకిన తోలు గుండా దీపం వెలుగు యిటు వస్తుంది, కనక తెరమీద పడ్డ హనుమంతుడి ఒంటి రంగూ, నగల నగిషీ కూడా కనిపిస్తాయి. మనది పాత్రను పరిచయం చేసే నీడ. విమాన పటంలోది పాత్రను తీసేసిన నీడ. అందుకు పోస్టరు గీసినవాణ్ణి తప్పుపట్టటానికి లేదు. వేల అడుగుల ఎత్తున, వెలుతురుకు అడ్డంగా పోతున్న విమానం నిజంగా అట్లాగే కనిపిస్తుంది. అవసరమే ఆ శైలిని నిర్ణయించింది.

రెండో యుద్ధంనాటికి ఈ చూపు ఒక పెద్ద వ్యవస్థ అయింది. బ్రిటన్‌లో అబ్జర్వర్ కోర్ అనే పౌరసంస్థ 1925లో ఏర్పడింది. 1940లో దేశాన్ని కాచిన రాడారు కేంద్రాలు ప్రధానంగా సముద్రంవైపు చూసేవి. విమానం తీరం దాటి లోపలికి వచ్చిన తరవాత దాన్ని వెంబడించినవి ఈ పరిశీలకుల కళ్ళూ చెవులే. ఆ సేవకు గుర్తింపుగా 1941 ఏప్రిల్‌లో ఆ సంస్థకు "రాయల్" అన్న బిరుదు వచ్చింది. ఆ సంవత్సరమే స్త్రీలను కూడా చేర్చుకోవటం మొదలుపెట్టారు. గుమాస్తాలు, దుకాణదార్లు, రైతులు, బడిపంతుళ్ళు తమ పని తాము చేసుకుంటూనే వంతులవారీగా కాపలా కాశారు. 1941 జనవరిలో "ది ఏరోప్లేన్ స్పాటర్" అనే పత్రిక మొదలైంది. విమానాల నీడబొమ్మలు, పోటీ ప్రశ్నలు, తేడాల వివరణలు అందులో వచ్చేవి. పిల్లలు దాన్ని పద్యాలు కంఠతా పట్టినట్టు పట్టారు.

ఈ కథలో నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది ఫాక్టరీల సంగతి. 1940 సెప్టెంబరు 7న లండను మీద భారీ దాడులు మొదలైనాయి. సైరను మోగగానే కార్మికులు యంత్రాలు ఆపి నేలమాళిగలలోకి పోవాలి. సైరను మోగిన ప్రతిసారీ ఆ ఫాక్టరీమీదే బాంబు పడదు. పని మాత్రం ప్రతిసారీ ఆగుతుంది. గంటలకు గంటలు ఉత్పత్తి పోతోంది. దీనికి పరిష్కారంగా ఫాక్టరీ కప్పుమీద కాపలాదారును పెట్టే పద్ధతి వచ్చింది. సైరను మోగినా కింద పని సాగుతుంది. శత్రువిమానం నిజంగా యిటే వస్తున్నదని కప్పుమీద వాడు సంకేతం ఇచ్చినపుడే జనం దాక్కుంటారు. ఆ కాపలాదారుకు కావలసిన చదువు ఈ నీడబొమ్మల చదువే.

అంటే సైరనుకూ కప్పుమీది సంకేతానికీ మధ్య వున్న ఆ కొద్ది నిముషాలలో కార్మికుడి ప్రాణం ఒక తక్కెడలో, ఉత్పత్తి రెండో తక్కెడలో వున్నాయి. ముల్లు ఎటు మొగ్గాలో నిర్ణయించేది ఒక మనిషి కన్ను. అనవసరంగా సంకేతం ఇస్తే పనిగంటలు పోతాయి. ఇవ్వవలసినపుడు ఇవ్వకపోతే ప్రాణాలు పోతాయి. తమ ప్రాణాలను ఇట్లా తక్కెడలో పెట్టటానికి వేలాదిమంది కార్మికులు ఒప్పుకున్నారు, ఫాసిజం గెలిస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు కనక. యజమానులకు లాభం పెరగటమూ నిజమే, కార్మికుల త్యాగమూ నిజమే. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచటం చరిత్ర కాదు. పోస్టరులో ఆ నల్లని అంచు అంత స్పష్టంగా వుండటానికి కారణం ఈ తక్కెడ. దాన్ని శుద్ధరూపం అనేవాళ్ళు ఆ శుద్ధికి చెల్లించిన మూల్యం ఏమిటో అడగరు.

చూపును తయారుచేసే పని అమెరికాలో మరింత పెద్ద ఎత్తున సాగింది. 1942 తొలి నెలల్లో అక్కడి నౌకాదళం 5 లక్షల విమాన నమూనాలు చేసిపెట్టమని బడిపిల్లలను కోరింది. అసలు విమానంలో 72వ వంతు కొలత, నల్లరంగు. ఆ కొలతలో ఒక కిటుకు వుంది: నమూనాను 35 అడుగుల దూరాన పట్టుకుంటే అసలు విమానం 2,520 అడుగుల దూరాన, అంటే దాదాపు అరమైలు దూరాన వున్నట్టు కనపడుతుంది. తరగతి గదిలోనే ఆకాశం సిద్ధమైంది. పేకముక్కల మీద కూడా నీడబొమ్మలు అచ్చువేశారు.

నేర్పే పద్ధతిని గురించి అక్కడ జరిగిన వివాదం ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగిస్తుంది. మొదటి పద్ధతిని "వెఫ్ట్" అనేవారు. రెక్క, ఇంజను, మొండెం, తోక అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపిన పేరది. ఒక్కొక్క భాగాన్నీ వరసగా పరిశీలించి విమానాన్ని నిర్ణయించాలి. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ రెన్‌షా దీన్ని కాదన్నాడు. విమానం అన్నిసేపులు నిలబడదు కనక ఆకారాన్ని మొత్తంగా ఒక్క చూపులో పట్టాలన్నాడు. తెరమీద బొమ్మను సెకనులో చిన్న భాగంపాటు మెరిపించి, పేరు చెప్పమనే శిక్షణ ఇచ్చాడు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికీ, మాటను చూడగానే చదివే పిల్లవాడికీ వున్న తేడాయే యిది. మొదటిది గుణింతం, రెండోది చదువు. కాని చదువుకు రెండో ముఖం కూడా వుంది. చూడగానే తెలిసిపోయినపుడు ఆలోచన ఆగిపోతుంది. రెన్‌షా పద్ధతి బలం అదే, ప్రమాదమూ అదే.

ప్రమాదం ఎంతటిదో కొన్ని సంఘటనలు చెబుతాయి. యుద్ధం మొదలైన నాలుగో రోజున, 1939 సెప్టెంబరు 6న, బ్రిటిష్ స్పిట్‌ఫయిర్ విమానాలు తమ పక్షానివే అయిన రెండు హరికేన్ విమానాలను కూల్చాయి. ఒక పైలట్ మరణించాడు. 1943 జూలై 11 రాత్రి సిసిలీ దీవిలో అమెరికన్ సైనికులను గాలిగొడుగులతో దింపటానికి 144 రవాణా విమానాలు వచ్చాయి. కొంతసేపటి క్రితమే శత్రువుల దాడికి గురైన అమెరికన్ నౌకలూ, ఒడ్డునున్న ఫిరంగులూ వాటిని శత్రువిమానాలనుకున్నాయి. తమవాళ్ళే కాల్చగా 23 విమానాలు కూలాయి. బెదిరిన కంటికి ప్రతి నీడా శత్రువే. ఆ మరుసటి సంవత్సరం నార్మండీ దాడికి ముందు మిత్రరాజ్యాల విమానాల రెక్కలమీద మూడు తెల్ల పట్టీలూ రెండు నల్ల పట్టీలూ పూశారు. కంటికి ఎంత శిక్షణ ఇచ్చినా చాలదని తెలిసి, గుర్తును విమానం మీదికే ఎక్కించారన్నమాట. అయినా మనిషి చూపును పూర్తిగా వదులుకోలేకపోయారు. దాదాపు 800 మంది అబ్జర్వర్ కోర్ స్వచ్ఛంద సేవకులను విమానాలు గుర్తుపట్టే పనికి ఓడలలో నియమించారు. ఏళ్ళతరబడి గోడమీది పటాలు చదివిన సామాన్యులు వాళ్ళు.

ఇంతవరకు చెప్పినది యంత్రాన్ని గుర్తుపట్టటాన్ని గురించి. అదే పద్ధతిని మనిషి ముఖానికి వర్తింపజేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న నేను కల్పించినది కాదు. అమెరికన్ పత్రిక "లైఫ్" 1941 డిసెంబరు 22 సంచికలో చైనీయుడి ముఖాన్నీ జపానీయుడి ముఖాన్నీ పక్కపక్కన అచ్చువేసి, గీతలు గీసి, కనురెప్పకూ ముక్కుకూ తేడాలు రాసింది. 1942లో అమెరికన్ యుద్ధశాఖ చైనాకు పోయే సైనికులకిచ్చిన చిన్న పుస్తకంలో, బొమ్మల కథల చిత్రకారుడు మిల్టన్ కానిఫ్ జపానువాణ్ణి పసిగట్టే పాఠాన్ని బొమ్మలతో చెప్పాడు. రెక్క, ఇంజను, మొండెం, తోక పోయి నడక, పళ్ళు, కళ్ళు, కాలివేళ్ళు వచ్చాయి. మరోవైపు మిత్రరాజ్యాలవాళ్ళు జపాను యుద్ధవిమానాలకు తమ ఊళ్ళలోని మగవాళ్ళ పేర్లూ, బాంబర్లకు ఆడవాళ్ళ పేర్లూ పెట్టుకున్నారు. యంత్రానికి మనిషి పేరు, మనిషికి యంత్రపు కొలతలు. 1942 ఫిబ్రవరి 19న వెలువడిన అధ్యక్షుడి ఉత్తరువు వల్ల దాదాపు 1,20,000 మంది జపాను సంతతివాళ్ళను శిబిరాలలో నిర్బంధించారు. వారిలో ఎక్కువమంది అమెరికాలో పుట్టిన అమెరికన్ పౌరులు. ఈ ద్వేషం పోస్టర్లవల్ల పుట్టిందని నేను చెప్పటం లేదు. దానికి మూలాలు లోతైనవి, పాతవి. చూడగానే తీర్పు చెప్పటం అలవాటైన చూపుకు అది సులభమైన ఆహారమయిందని మాత్రం అనక తప్పదు.

ఈ నీడలు మన తీరానికి కూడా వచ్చాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అంతకు ముందు రోజే కొలంబో మీద దాడి జరిగింది. ఆ నెలలో మద్రాసు ప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు లోతట్టు పట్టణాలకు తరలిపోయాయి. అప్పటిదాకా బ్రిటిష్ విమానాల మీద నీలం, తెలుపు వలయాల నడుమ ఎర్రటి బొట్టు వుండేది. జపాను విమానాల గుర్తు కూడా ఎర్రటి సూర్యబింబమే. దూరాన్నుంచి చూస్తే ఒకటి మరొకటిగా పొరబడే అవకాశం వుంది. అందువల్ల భారత, బర్మా రంగంలో బ్రిటిష్ విమానాలమీద, భారతీయ వైమానిక దళ విమానాలమీద ఆ ఎరుపును తొలగించారు. సామ్రాజ్యపు చిహ్నం అంత పవిత్రమైనది అయినా అవసరం ముందు చెరిగిపోయింది.

తీరాన నిలబడిన మనిషి దృష్టినుంచి ఆలోచిస్తే, శత్రువెవరో గుర్తుపట్టటం అనే విద్యకు అసలు పరీక్ష ఇక్కడ కనపడుతుంది. జపాను రేవులకు వస్తే దొరకకూడదని బెంగాలు తీరంలో ప్రభుత్వమే పడవలను స్వాధీనం చేసుకుంది, బియ్యం నిల్వలను తరలించింది. ఇతర కారణాలతో యిదీ కలిసి 1943 కరువు వచ్చింది. దాదాపు 30 లక్షలమంది మరణించారు. ఆ చావుకు ఆకాశంలో నీడ లేదు. ఏ పటంలోనూ దాని మూడు వైపులు చూపించలేదు. దాన్ని గుర్తుపట్టే పటాన్ని మన చిత్రకారుడు చిత్తప్రసాద్ గీశాడు. మిడ్నపూరు జిల్లా తిరిగి, నల్లసిరాతో ఆకలి మనుషులను చిత్రించి "హంగ్రీ బెంగాల్" అనే చిన్న పుస్తకం తెచ్చాడు. విమాన పటాలు అచ్చువేసి పంచిన సామ్రాజ్య ప్రభుత్వమే ఈ పుస్తకం ప్రతులను పట్టుకుని ధ్వంసం చేసింది. అదే యుద్ధం, అదే నల్లసిరా. ఒకటి తెలుసుకోవలసిన శత్రువు, మరొకటి తెలుసుకోకూడని శత్రువు.

ఇప్పుడు మళ్ళీ సేకరణకు వద్దాం. గోడకు అంటించిన కాగితం వానకు తడుస్తుంది, దానిమీద మరొక కాగితం అంటిస్తారు. యుద్ధకాలంలో బ్రిటన్‌లో కాగితానికి కరువు; పాత కాగితాన్ని పోగుచేసి మళ్ళీ గుజ్జు చేసేవారు. కాబట్టి పని చేసిన పోస్టర్లలో ఎక్కువ భాగం నశించాయి. మిగిలిన వాటికి వెల కట్టేటపుడు పిన్ను రంధ్రం లోపం, మడత లోపం, చిరుగు లోపం, ఎవరో పెన్సిలుతో రాసిన అంకె లోపం. ఏ మచ్చా లేనిదానికి అత్యధిక వెల. మచ్చ లేదంటే అర్థం ఏమిటి? ఆ పోస్టరు ఎన్నడూ గోడ ఎక్కలేదు. ఏ కాపలాదారూ దాన్ని చూసి నేర్చుకోలేదు. ఏ కుర్రవాడూ దానిమీద వేలు పెట్టి పేరు చెప్పలేదు. పుట్టిన పని చెయ్యని పోస్టరే అన్నింటికన్నా విలువైనదని అంగడి తీర్పు చెబుతోంది. వాడుక విలువ చచ్చిపోయిన చోటే మారకపు విలువ పెరుగుతుందనటానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ తరగతి గదిలో దొరకదు.

చరిత్ర విద్యార్థికి ఆ లోపాలే సాక్ష్యాలు. నాలుగు మూలలా నాలుగేసి పిన్ను రంధ్రాలుంటే అది నాలుగు గోడలు మారిందని అర్థం. ఒక బొమ్మ పక్కన గీసిన గీత, గుర్తు కుదరక ఎవరో తడబడ్డారని అర్థం. చాలా పటాలమీద గీసినవాడి పేరు కూడా వుండదు. యుద్ధకాలపు పోస్టరు చిత్రకారులలో అబ్రామ్ గేమ్స్ వంటివారి పేర్లు పుస్తకాలకెక్కాయి. ఈ నీడబొమ్మలు దిద్దిన నక్షా గుమాస్తాల పేర్లు ఎక్కలేదు. గీసినవాడూ అనామకుడే, చదివినవాడూ అనామకుడే. పేరున్నది బొమ్మలోని యంత్రానికి మాత్రమే.

కనక ఈ పోస్టర్లు కళేనా అన్న ప్రశ్నకు నా సమాధానం యిది: అవును, కళే. కాని ఆ కళ కాగితం మీద సగమే వుంది. మిగిలిన సగం దాన్ని చూసి తయారైన కళ్ళలో వుంది. చలిరాత్రి కప్పుమీద నిలబడిన కార్మికుడి కళ్ళలో, నల్లరంగు పూసిన కొయ్యముక్కను పట్టుకున్న బడిపిల్ల కళ్ళలో. ఆ కళ్ళను వదిలేసి కాగితాన్ని మాత్రమే కొన్నవాడు సగం బొమ్మ కొన్నాడు. వీటిని సేకరించటం తప్పని నేననను. ఎవరో ఒకరు దాచకపోతే ఈ మాత్రం మిగిలేవి కావు. 1917లోనే ఏర్పడిన లండను ఇంపీరియల్ వార్ మ్యూజియం వంటి సంస్థలు దాచబట్టే 1915 నాటి పోస్టరును ఈనాడు ఎవరైనా చూడగలుగుతున్నారు. ప్రజల డబ్బుతో, ప్రజల గోడలకోసం అచ్చయిన కాగితం ప్రజలకు కనపడే చోట వుండాలన్నదే నా వాదం. దాని పక్కన సిసిలీలో కూలిన 23 విమానాల లెక్కా, ముఖాలమీద గీతలు గీసిన ఆ పత్రిక పుటా, చిత్తప్రసాద్ బొమ్మా వుండాలి.

శత్రువెవరో మిత్రుడెవరో తేల్చుకోవలసిన అవసరం ప్రజలకు తీరలేదు. ఆ తేడాను ఎవరో గీసిచ్చిన అంచును బట్టి నిర్ణయించటమా, అంచులోపలి నలుపులో ఏముందో అడగటమా అన్నదే సమస్య. మన విద్యార్థులకు నేర్పవలసినది రెండో చదువు.